గంగక్క పేరు చెప్పినవాడు

డెబ్బై మూడు కరువులో కళ్యాణదుర్గం పక్క పల్లెలోని గంజి కేంద్రంలో గంగక్క గంజి కాచేది. సర్కారు పంపిన జొన్నల్లో సగం మూటలు కాంట్రాక్టరు బండెక్కి సంతకు పోవడం కళ్లారా చూసింది. నీళ్లలాంటి గంజి తాగే పిల్లల్ని చూసి ఓర్చుకోలేక ఆ సంగతి విలేఖరి తిప్పయ్య చెవిన వేసింది.

"నా పేరు బయట పడకూడదప్పా."

"తల తీసినా చెప్పనక్కా."

వార్త అచ్చయింది. కాంట్రాక్టరు పరువునష్టం కేసు పెట్టాడు. ఎవరు చెప్పారో చెప్పకపోతే జైలేనని మేజిస్ట్రేటు గద్దించగానే తిప్పయ్య నిండు కోర్టులో గంగక్క పేరు చెప్పేశాడు.

వారం తిరక్కుండా ఆమె పని ఊడింది. కాంట్రాక్టరు మనుషులు ఆమె మొగుడు హనుమంతప్పను చేలో పట్టుకుని కుడిచెయ్యి విరగ్గొట్టారు. ఆ చెయ్యి మళ్లీ నాగలి మేడి పట్టలేదు.

తిప్పయ్య వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"వకీలుకు చెప్పిన మాట బయట పెట్టమని ఏ కోర్టూ అడగదక్కా, మా విలేఖర్లకు చట్టంలో ఆ రక్ష లేదు. నన్నేం చేయమంటావు?"

"జైలుకు పోవాల్సింది. నీ పెండ్లాం బిడ్లకు నేను గంజి పోసుందును. చట్టం లేదని నాకు మాటిచ్చేటప్పుడు తెలీదా?"



తర్వాత ఆమె కళ్యాణదుర్గం బస్టాండులో ఉడికించిన చెనిక్కాయల గంప పెట్టుకుంది. గుమాస్తాలు, హమాలీలు, పల్లెల నుంచి అర్జీలతో వచ్చేవాళ్లు, అందరికీ గంప పక్కన కూర్చున్న మొగుణ్ణి చూపించేది. "తిప్పయ్యకు ఒక్క మాట చెప్పి చూడు. నీకూ ఇదే గతి."

పదేళ్లు అదే పని. తిప్పయ్యను చూస్తే జనం మాట మార్చడం మొదలుపెట్టారు. పెళ్లిళ్లు, సన్మానాలు తప్ప రాయడానికి అతనికేమీ దొరకలేదు. ఒకసారి వచ్చి బతిమాలాడు.

"ఇంక చాలించక్కా. నా నోటికాడి కూడు తీయొద్దు."

"చెనిక్కాయలు కావాలంటే తీసుకో. లేదంటే పక్కకు జరుగు, బేరం పోతాంది."

ఎనభై నాలుగు కరువులో పశువుల కోసం సర్కారు పంపిన గడ్డి లారీలు దారిలోనే మాయమయ్యాయి. ఊరూరా తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. మేత లేక ఎద్దులు కటికవాళ్లకు పోయాయి. ఆ సంగతి కూడా పట్టలేనివాడు మాకెందుకని పత్రికవాళ్లు తిప్పయ్యను తీసేశారు. అతను ట్రంకుపెట్టెతో బెంగళూరు బస్సెక్కాడు.

"గడ్డి సంగతి ఎవరో ఒకరు చెప్పాల్సింది గదే," అన్నాడు హనుమంతప్ప.

"చెప్పాల్సిందే. చెప్పనీకుండా చేసింది నేనే. ఎద్దుల్ను తల్చుకుంటే ఏడుపొస్తాంది. అయినా వాడు పోతాంటే నా కడుపు చల్లబడింది."