క్షేమంగా ఇంటికి చేరు

షానన్ విమానాశ్రయంలో డెలియా టీ పోసేది, నేను పక్కనే కప్పులు కడిగేదాన్ని. మా ఐర్లాండ్ ఏ సైనిక కూటమిలోనూ చేరలేదని బళ్ళో గొప్పగా చెప్పారు. అయినా యుద్ధానికి పోయే అమెరికా విమానాలు ఇంధనం కోసం మా దగ్గరే ఆగేవి. సైనికులు దిగి టీ కోసం వరుస కట్టేవారు.

గేటు బయట డెలియా తమ్ముడు సెనన్ వానలో యుద్ధం వద్దని రాసిన అట్ట పట్టుకుని నినాదాలు చేసేవాడు.

"మనం ఎవరి పక్షమూ కాదంటారు. మరి నువ్వెవరికి పోస్తున్నావే అక్కా?"

"దాహమేసినోళ్ళకిరా. తడిసి చావక లోపలికి తగలడు, నీకూ పోస్తా."

ఎవరు బయల్దేరినా "క్షేమంగా ఇంటికి చేరు" అనడం మావాళ్ళ అలవాటు, పక్క వీధికి పోయేవాడితోనైనా సరే. డెలియా ఓసారి ఒక సైనికుడితోనూ అలాగే అనేసింది.

"మా ఇల్లు వెనకాలుందమ్మా. మేం పోయేది అటు," అన్నాడతను నవ్వుతూ.

అతను వెళ్ళాక డెలియా నా దగ్గరికొచ్చింది. "మరి వీళ్ళనేమని పంపాలే?" అంది నాతో. నన్నడిగితే? మా పార్లమెంటుకే తెలిసి చావలేదు!

ఆనాటి నుంచి సైనికులకు మాత్రం కప్పు చేతికిచ్చి ఊరుకునేది. ఒకరోజు ఊరికి పోయే ఓ ముసలావిడని ఎప్పటిలాగే "క్షేమంగా ఇంటికి చేరు" అని సాగనంపింది. అది విన్న ఒక సైనికుడు టీ తాగేసినా కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇందాక ఆ ముసలావిడకి ఏదో చెప్పావు కదమ్మా. నాకు చెప్పవా?"

డెలియా మరుగుతున్న నీళ్ళవైపు తిరిగింది. అతని విమానం లేచిన చప్పుడు వినబడేదాకా ఇటు తిరగలేదు.