చేదు లేదన్న పొద్దు

మా క్వార్టర్ వెనక మురుగునీళ్ల మోరీ ఉంది. దాని అవతల తుమ్మపొదలు. వానలు మొదలయ్యాయంటే అటు నుంచి ఏదో ఒకటి ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. జెర్రులు, తేళ్లు అయితే చెప్పుతో కొట్టి పారేస్తాం. నా భయమంతా కట్లపాముతోనే. అది కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు. మా వెనక వరసలో ఒకావిడ నేల మీద పడుకుని లేచి, ఏదో చీమ కుట్టిందని చెప్పి, చాయ్ తాగి, మధ్యాహ్నానికి కళ్లు మూసేసింది. ఆ ఇంటి ఏడుపులు విన్న నాటి నుంచి ఎవరి ఒంటి మీద ఎర్రటి చుక్క కనిపించినా నాకు కట్లపామే గుర్తొస్తుంది.

ఆ ఏడు వానాకాలంలో మా అత్తమ్మ కోడిని పొదగేసింది. పెరట్లో షెడ్డు కురుస్తోందని గంపలో వరిగడ్డి పరిచి, గుడ్లు పెట్టి, కోడిని తెచ్చి ముందు గదిలో మంచం కింద కూర్చోబెట్టింది. గుడ్లున్న చోటికి ఎలుకొస్తుంది, ఎలుక వెంట పాము వస్తుందని నేను మొత్తుకున్నాను. వింటేనా. ఆదివారం వస్తే చాలు, కడుపులో పురుగులు చస్తాయని ఇంటిల్లిపాదికీ వేపాకు ముద్ద మింగించే మనిషి ఆవిడ. బొగ్గు గనిలో కూలీలను అదిలించే మా ఆయన కూడా ఆ ముద్ద ముందు నోరు తెరిచి నిలబడతాడు. ఇక నా మాట ఎంత.

ఒకటో తరగతి చదివే మా బిడ్డకు మాత్రం ఆ కోడే లోకమైపోయింది. గుడ్డు పగిలే చప్పుడు వినాలని గంప పక్కనే బొంత వేయించుకుని పడుకునేది. చివరికి గుడ్లు పగిలి పిల్లలు లేచాయి. అత్తమ్మ తల్లినీ పిల్లల్నీ పెరట్లోకి మార్చింది. ఖాళీ గంప మంచం కిందే ఉండిపోయింది. దాని సంగతి ఎవరికీ పట్టలేదు. అలవాటు పడ్డ బిడ్డ కూడా అక్కడే పడుకుంది.

మర్నాడు దాని మెడ మీద ఎర్రగా దద్దుర్లు. దోమలే అనుకుని దోమతెర కట్టాను. తెల్లారేసరికి నడుము దగ్గర ఇంకొన్ని. తెర లోపలికి దోమ ఎలా వస్తుంది? నల్లులేమో అని అనుమానం వచ్చింది. ఈ మాట పైకి అనలేం. ఆ ఇంట్లో నల్లులున్నాయట అన్నారంటే మన కుర్చీలో ఎవరూ కూర్చోరు. వాకిట్లో ఎవరూ లేని వేళ చూసి మంచాన్ని పెరట్లోకి ఈడ్చి, సందుసందులోనూ సలసల కాగే నీళ్లు పోశాను. ఒక్క నల్లి బయటికి రాలేదు. అదే రోజు వెనక గోడ వారన పాము కుబుసం కనిపించింది. దాన్ని కర్రతో మోరీలోకి నెట్టేశాను కానీ మనసులోంచి నెట్టలేకపోయాను.

మరునాడు పొద్దున బడికి తయారు చేస్తూ బిడ్డ కాలికి సాక్సు తొడుగుతున్నాను. చీలమండ పైన రెండు చుక్కలు. పక్కపక్కనే, ఒకే తీరుగా.

"నొప్పి ఉన్నదా బిడ్డా?" అని అడిగాను.

"లేదమ్మా."

ఉందని చెప్పి ఉంటే ఆ నోటిని ముద్దు పెట్టుకునేదాన్ని. పాము ఇంకా ఇంట్లోనే ఉందేమోనని బొంత దులిపాను, తలుపు వెనక చూశాను, కోడి గంపను బయటికి లాగి గడ్డిలో మోచేతుల దాకా చేతులు పెట్టి కెలికాను. పాముందేమో అని చూస్తూ అందులోనే చేతులు పెట్టడం ఏం తెలివో. భయానికి బుద్ధి ఉండదు. మా ఆయన మొదటి షిఫ్టుకు పోయి అప్పటికే బొగ్గుబాయిలోకి దిగాడు. ఫోను కలవదు.

నేను ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికి వచ్చేలోపు అత్తమ్మ గేటు దగ్గరి వేపకొమ్మ విరిచింది. పాము కరిచిన వాళ్లకు వేపాకు చేదు తెలియదని మా వైపు గట్టి నమ్మకం. నేనూ నమ్మేదాన్నే. బిడ్డ నాలుగు ఆకులు నమిలింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"చేదు లేదు బాపమ్మా" అంది.

అత్తమ్మ చేతిలోని కొమ్మ కింద పడింది. నేను ఒక ఆకు నోట్లో వేసుకున్నాను. నాలుక చుట్టుకుపోయేంత చేదు. ఇంకో రెండు ఆకులు బిడ్డ నోట్లో పెట్టాను. నమిలింది, మింగింది. "చేదు లేదమ్మా" అని నా వైపు చెయ్యి చాపింది. ఎత్తుకోమంటోంది అనుకున్నాను. ఎత్తుకుని ఆటోలో పడ్డాను. దారి పొడుగునా అత్తమ్మ కొండగట్టు అంజన్నను పిలుస్తూనే ఉంది. నాకు ఏ దేవుడూ గుర్తుకు రాలేదు.

దవాఖానలో డాక్టరమ్మ నా కంటే చిన్నది. చుక్కలు చూసింది, మేం చెప్పిందంతా విన్నది. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. కొన్ని పాముల విషం ఇందులో తెలుస్తుంది కానీ కట్లపాముది తెలియదని చెప్పింది. దాని సంగతి చెప్పాల్సింది కళ్లేనట. "రెప్పలు వాలుతున్నయా, మింగరాకుంట అయితున్నదా, చూస్తుండుండ్రి. జర తేడా అనిపించినా నన్ను పిలువుండ్రి. ఇక్కడ సూది మొదలువెట్టి కరీంనగర్ పంపుతం" అంది. ఊపిరి ఆడించే యంత్రం అక్కడే ఉందట. ఆ మాట వినగానే కరీంనగర్ దారిలో మూసిన రైలు గేటు ముందు ఆగిపోయిన అంబులెన్సు నా కళ్ల ముందు కనిపించింది.

బిడ్డ రెప్పలు చూస్తూ కూర్చున్నాను. తల్లినై ఉండి, దాని రెప్పలు మామూలుగా ఎంత వరకు తెరుచుకుంటాయో నాకు గుర్తు రాలేదు. ఎడమది కాస్త కిందికి ఉన్నట్టనిపించింది. కాదు, కుడిది. పొద్దున్నే లేచిన పిల్ల, రక్తం తీసినప్పుడు ఏడ్చి అలసిపోయింది, ఆవులించింది. అది నిద్రో విషమో ఎవరు చెప్తారు? కొంగు తడిపి మొహం తుడిచాను. కథ చెప్పమన్నాను. మళ్లీ రెప్ప వాలుతుంటే గిల్లాను. "గిచ్చకమ్మా" అని ఏడ్చింది. ఆ ఏడుపు బలంగా ఉందని సంతోషించాను. కన్నబిడ్డను గిల్లి సంతోషించిన ఆ గంటను ఇప్పటికీ మరవలేను.

ఏడుపు ఆపి, వెక్కుతూ, అది మా ఇద్దరినీ కోపంగా చూసింది.

"నేను రెండుసార్లు చేదు లేదన్న గద. బెల్లం ఏది?"

నాకు అర్థం కాలేదు. అత్తమ్మకు అర్థమైంది. ఆదివారం ముద్ద మింగించేటప్పుడు పిల్లకు ఆవిడ పెట్టిన రివాజు అది. మొహం చిట్లించకుండా "చేదు లేదు" అంటేనే బెల్లం ముక్క. చేదన్నా, ఉమ్మినా ఏమీ లేదు. పొద్దున చాపిన చెయ్యి ఎత్తుకోమని కాదు, బెల్లం పెట్టమని.

"నిజం చెప్పు బిడ్డా. నోట్ల ఎట్లున్నదే?" అని అత్తమ్మ దాని గడ్డం పట్టుకుంది.

"మస్తు చేదున్నది. ఇప్పటిదంక ఉన్నది."

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను డాక్టరమ్మ దగ్గరికి ఉరికాను. ఆమె నవ్వలేదు. చేదు తెలియకుంటే విషమనీ, తెలిస్తే విషం లేదనీ ఏమీ లేదని, రెప్పలే చూడమని చెప్పింది. కొంచెం పైకి తేలిన ప్రాణం మళ్లీ మునిగింది.

చాలాసేపు అట్లాగే కూర్చున్నాక గానీ నా చేతులు దురద పెడుతున్నాయని తెలియలేదు. గాజుల కింద గోకుతూనే ఉన్నాను. చేతులు తిప్పి చూస్తే మణికట్టు నుంచి మోచేతుల దాకా ఎర్రటి చుక్కలు. కొన్ని విడివిడిగా, కొన్ని జంటజంటగా. బిడ్డ కాలి మీదివీ ఇవీ అచ్చం ఒకటే.

డాక్టరమ్మ నా చేతిని కిటికీ వెలుగులోకి తిప్పింది. గాజు అంచున నలుసంత ఎర్రటిదేదో పాకుతోంది. "ఇంట్ల కోళ్లున్నయా?" అని అడిగింది. గంప సంగతి చెప్పాను. కోడిపేలు అంది. కోడి ఉన్నన్ని రోజులూ దాని రక్తం తాగి బతికాయి. అది పెరట్లోకి పోయాక దగ్గర్లో వెచ్చగా దొరికింది నా బిడ్డే. పొద్దున గంపలో గడ్డి కెలికితే నా చేతులకూ పట్టాయి. అయినా డాక్టరమ్మ మమ్మల్ని సాయంత్రం దాకా ఉంచుకుని, రెప్పలు చూసి చూసి, అప్పుడు పంపింది. నేను మాత్రం ఆ దురదను ఎంత ఇష్టంగా గోక్కున్నానో చెప్పలేను.

షిఫ్టు దిగి నేరుగా దవాఖానకు వచ్చిన మా ఆయన ఇంటికి చేరగానే గంపను కాల్చాడు. గది కడిగాం, బొంతలు ఉడకబెట్టాం. వాటి పీడ వదిలింది. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు వేలితో దాని రెప్ప ఎత్తి చూసే పిచ్చి మాత్రం నాకు చాలా కాలం వదల్లేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. అత్తమ్మ ఎప్పటిలాగే వేపాకు నూరి ముద్దలు చేసింది. బిడ్డ నోట్లో పెట్టుకుని ఆవిడ మొహం చూసింది, నా మొహం చూసింది.

"చేదు" అంది. తుపుక్కున అరుగు మీద ఉమ్మేసింది.

అత్తమ్మ బెల్లం డబ్బా తెచ్చి మొత్తంగా దాని ఒళ్లో పెట్టింది.