తీసేసిన రెండు లింకులు

బళ్ళారిలో బంగారమూ వాచీలూ అమ్మే ఒక కొట్టులో నేను కౌంటరు దగ్గర పనిచేసింది ఇనుప ఖనిజం గనులు జోరుగా నడిచిన రోజుల్లో. కొట్టులో అడుగుపెడితే ఎడమవైపు బంగారం, కుడివైపు వాచీలు. పొద్దున తుడిచిన అద్దాల మీద మధ్యాహ్నానికల్లా ఎర్రదుమ్ము పేరుకునేది. రిపేరుకొచ్చిన వాచీ మూత తీస్తే లోపలా అదే దుమ్ము.

వచ్చేవాళ్ళను మేము మూడు రకాలుగా చూసేవాళ్ళం. కొందరికి గోడవార బల్ల, మంచినీళ్ళు. కొందరికి ప్లాస్టిక్ కుర్చీ, టీ. లారీల వాళ్ళకూ గనుల వాళ్ళకూ మెత్తటి కుర్చీ, చల్లటి బాదంపాలు. ఎవరికి ఏది ఇవ్వాలో గుమ్మం దగ్గరే తేల్చడం నా పని. అందులో నాకు మంచి పేరుండేది.

ఆ పేరు ఒకసారి పోయింది. తెగిన చెప్పులతో, మోకాళ్ళదాకా మన్నంటిన లుంగీతో వచ్చిన ఒకాయనను బల్ల మీద కూర్చోబెట్టి మరిచిపోయాను. ఆయన కాసేపు చూసి, లేచి, ఎదురు కొట్టుకు వెళ్ళి కొడుకు పెళ్ళికి కావలసిన నగలన్నీ అక్కడే కొన్నాడు. శనక్కాయ వేసుకునే చేనును ఇనుపమన్ను తవ్వుకోడానికి గనుల వాళ్ళకు ఇచ్చి, ఉన్నట్టుండి డబ్బున్నవాడైన మనిషట. ఆ సాయంత్రం మా సావుకారు అందరి ముందూ నన్ను నిలబెట్టి అన్నాడు.

"గుడ్డలు చూసి మనిషిని లెక్కేసే కాలం పాయెప్పా. ఇంగమీద ఎర్రమన్నుతో ఎవరొచ్చినా మెత్తకుర్చీలోనే కూకోబెట్టు. తెలిసిందా?"

ఆ తర్వాత కొద్దిరోజులకే ఇంకొకాయన వచ్చాడు. చొక్కా, జుట్టు, కనుబొమలు అన్నీ ఎరుపే. చెప్పులు బయటే విడిచి, రుమాలు మూటను గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఎదురెళ్ళి "రండి సార్, కూచోండి" అన్నాను. నేనెవరిని పిలుస్తున్నానోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. కుర్చీ మాసిపోకుండా భుజం మీది తువ్వాలు పరిచి, దాని అంచున కూర్చున్నాడు. బాదంపాలు తెప్పించాను. గ్లాసును రెండు చేతులతో అందుకున్నాడు.

"పాపకు చెవులు కుట్టిస్తాండామప్పా, సోమారం. మాది సంగనకల్లు. ఆచారికి చెప్పిండాం, మేనమామ కూడా వచ్చిండాడు. చిన్న పోగులొకటే తక్కువ. చూపియ్యి."

నేను తట్ట తీశాను. ఆయన అరచేతిని ముందు పంచెకు తుడుచుకుని, తర్వాత దాని మీద ఊది, అప్పుడు ఒక జత అందుకున్నాడు. మధ్యలో ఎర్రరాయి ఉన్న బుల్లి పోగులు. వెలుతురుకు ఎత్తి చూసి నవ్వాడు. "ఇవే" అన్నాడు. నేను వాటిని గులాబీరంగు కాగితంలో మడిచాను. అక్కడితో బిల్లు రాసి పంపించి ఉంటే ఈ రోజు ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు.

పక్క కుర్చీలో ఒక లారీ ఓనరు తన వాచీకి కొత్త పట్టీ వేయించుకుంటూ ఉన్నాడు. ఊసుపోక ఈయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, బిడ్డ చెవులకు బంగారం పెడ్తాండావు సరే, నీ చెయ్యేంది బోడిగా ఉండాది? టైము ఎట్ల తెలుస్తుంది నీకు?"

"ఎండ చూస్తే తెలీదా అన్నా."

"ఇంత మన్ను లేస్తాంటే ఎండ యాడ కనిపిస్తాదప్పా! గమ్మున ఒకటి కట్టుకో."

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. నేను కుడివైపు నుంచి వాచీల తట్ట తెచ్చి ముందు పెట్టాను. "చూస్తే ఏం పోతుంది సార్, చెయ్యియ్యండి" అన్నాను. గనుల వాళ్ళు అప్పుడు పెట్టుకుంటున్న రకం వాచీ అది. పెద్ద ముఖం, గొలుసు పట్టీ, బంగారం రంగు. ఆ రంగు ఎన్నాళ్ళో నిలవదని అమ్మేవాళ్ళకు తెలుసు.

ఆయన చెయ్యి చాపాడు. అరచెయ్యి పైకి తిరిగి ఉంది. కాయలు కాచి, పగుళ్ళనిండా మన్ను ఇంకిపోయి ఉంది. బొటనవేలి గోరు నల్లబడింది. గని ఉన్నవాడి చెయ్యి కాదది. రోజంతా పార పట్టి లారీలకు మన్ను ఎత్తే చెయ్యి. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. పొరపాటున ఆయనను మెత్తకుర్చీలో కూర్చోబెట్టాను, అది తప్పేమీ కాదు. తెలిసిన తర్వాత కూడా గొలుసు బిగించాను. అది తప్పు.

పోగుల మీద నాకు వచ్చేదేమీ లేదు, వాచీ అమ్మితే విడిగా కొంత ముట్టేది. కానీ నన్ను నడిపించింది అదొక్కటే అని చెబితే అబద్ధమవుతుంది. లారీ ఓనరు చూస్తున్నాడు. ఎవరికైనా ఏదైనా అమ్మగలనని అతని ముందు చూపించుకోవాలనిపించింది.

మణికట్టు సన్నం. గొలుసు జారిపోతోంది. పిన్నులు తీసి రెండు లింకులు తగ్గించి మళ్ళీ కట్టాను. "మీ చేతికి కొలతబెట్టి చేసినట్లుండాది సార్" అన్నాను.

లారీ ఓనరుకు వినపడకుండా ఆయన నా వైపు వంగాడు. "రెండిటికీ చాలదప్పా."

నేనూ గొంతు తగ్గించాను. "పోగులు మీ కోసమని పక్కన పెట్టుంటా సార్. సోమవారం లోపల ఎప్పుడైనా వచ్చి తీసుకుపోండి."

ఆయన వాచీ వైపు చూశాడు. సగం తాగిన బాదంపాల వైపు చూశాడు. సార్ అని పిలిచి, పాలు తాగించి, నలుగురిలో చేతికి కట్టిన తర్వాత వద్దనడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. ఆ కష్టం మీదే మా వ్యాపారం నడిచేది. ఆయన రుమాలు ముడి విప్పాడు.

గులాబీ పొట్లాన్ని డ్రాయరు మూలన పెట్టాను. తీసేసిన రెండు లింకులనూ దాని పక్కనే పడేశాను.

మర్నాడు ఆయన భార్య వచ్చింది. చంకలో పాప. మూడేళ్ళుంటాయేమో. కుర్చీల వైపు చూడకుండా నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి వాచీ అద్దం మీద పెట్టింది.

"అన్నా, ఇది మాకొద్దు. పోగులు పక్కన పెట్టిండావంట గదా, అవియ్యి."

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం అమ్మా" అంటూ గోడ మీది కన్నడ బోర్డు చూపించాను. తనకు చదవడం రాదంది. నేనే చదివి చెప్పాను.

"వాపసు గాదన్నా, బదులే అడుగుతాండా. ఒక రాత్రి గూడా కట్టుకోలేదు, గూట్లో పెట్టిండాడు."

"లింకులు తీసేసినాం అమ్మా. తీసినాక పాతదాని కింద లెక్క. కుదర్దు."

లింకులు తిరిగి వేయడానికి నాకు పట్టేది టీ తాగేంత సేపు. డ్రాయరు నా మోకాలికి తగులుతోంది. సావుకారు ఊళ్ళో లేడు. ఇవ్వాలా వద్దా అన్నది నా చేతిలోనే ఉంది. ఇస్తే నిన్నటి అమ్మకం నా పేరు మీంచి పోతుంది.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నిన్న ఇంటికొచ్చి ఒకటే చెప్పుకుంటాండాడన్నా. 'నన్ను సార్ అనిరి, మెత్తకుర్చీలో కూకోబెట్టిరి, పాలిచ్చిరి' అని. తిడదామనుకున్యా గానీ, ఆ ముఖం చూసి నాకు నోరు రాలే. ఆ కొట్లో అబ్బి మంచోడు, నువ్వు పోయి అడుగు, ఇస్తాడు అన్యాడు."

పాప అద్దానికి ముక్కు ఆనించి ఎడమవైపు మెరుపులు చూస్తోంది. నేను మరోసారి "కుదర్దమ్మా" అన్నాను. ఆమె వాచీని కొంగులో ముడేసుకుని, అద్దం మీద పాప ముక్కు పెట్టిన మచ్చను కొంగుతోనే తుడిచి వెళ్ళిపోయింది.

సోమవారం వచ్చింది, పోయింది. పొట్లం కోసం ఎవరూ రాలేదు.

నెల గడిచిన తర్వాత ఒకరోజు ఆయనే వచ్చాడు, పాపను ఎత్తుకుని. వాచీ ఆగిపోయింది. గ్యారంటీ ఉంది గదా అన్నాడు. పాప రెండు చెవుల్లోనూ చిన్న వేపపుల్లలున్నాయి. కుట్టిన చిల్లులు పూడిపోకుండా, బంగారం అమరేదాకా పెట్టే పుల్లలు.

"రండి సార్, ఇట్ల కూచోండి" అన్నాను.

"వద్దులేప్పా, ఈడనే బాగుండాది" అని గోడవార బల్ల మీద కూర్చున్నాడు. బాదంపాలు తెప్పిస్తే ముట్టలేదు. పాప చెయ్యి చాపితే మెల్లగా వెనక్కి లాగాడు.

వాచీ మూత తీసి లోపలి దుమ్ము ఊదసాగాను. ఊదడం ఆపి అన్నాను. "సార్, ఈ వాచీ నేను తీసుకుంటా. పాపకు పోగులిస్తా. ఇప్పుడే."

ఆయన పాపను ఒళ్ళో సర్దుకున్నాడు. గొంతులో కోపం లేదు.

"ఆ పొద్దు ఆమె వచ్చి అడిగితే కుదర్దంటివి గదప్పా."

"తప్పయింది."

"ఆమెకు కుదరనిది నాకు కుదిర్తే, ఇంటికిపోయి ఏమని చెప్పేది? నేనడిగితే ఇచ్చినారు, నువ్వడిగితే లేదన్యారు అనా?" నేను మూత బిగించిన వాచీ అందుకుని చెవి దగ్గర పెట్టుకుని, ఆడుతోందని తలాడించాడు. "చెప్పాలంటే ఆమెకే చెప్పు. ఉండే ఎకరంలో పంట చేతికొచ్చినాక పోగులు మేమే చేపిస్తాంలే."

ఆయన వెళ్ళాక డ్రాయరు తెరిచాను. గులాబీ పొట్లం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, సిరుగుప్ప నుంచి వచ్చిన ఒక వడ్ల వ్యాపారికి ఆ జత నేనే అమ్మేశాను. ఇస్తానన్నప్పుడు నాకది గుర్తే లేదు. ఆయన సరే అని ఉంటే అప్పుడు కూడా ఆయన ముందు ఖాళీ డ్రాయరు తెరిచేవాణ్ణి.

సంగనకల్లు ఎంతో దూరం లేదు. వచ్చే ఆదివారం పోయి ఆమెతో ఒక మాట చెప్పాలనుకున్నాను. ఆ ఆదివారం ఏదో పని పడింది. పై ఆదివారం ఏ పనీ లేదు, అయినా పోలేదు. ఏ ముఖంతో పోవాలని నాకు నేను చెప్పుకున్న మాట వినడానికి సిగ్గులా ఉంటుంది గాని, నిజానికి అది బద్ధకం, భయం.

తర్వాత కోర్టు ఆపేయమనడంతో గనులు ఆగిపోయాయి. లారీలు రోడ్ల పక్కన వరసగా నిలబడిపోయాయి. మెత్తకుర్చీలు ఖాళీ అయ్యాయి. మమ్మల్నీ ఒక్కొక్కరినే పంపించేశారు. నా వంతు వచ్చిన రోజు డ్రాయరు ఖాళీ చేస్తుంటే మూలలో ఆ రెండు లింకులు దొరికాయి. ఎవరూ పెట్టుకోలేదు కాబట్టి రంగు పోలేదు, కొత్తగానే మెరుస్తున్నాయి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను.

చొక్కా ఉతకబోతూ నా భార్య వాటిని చూసి ఏమిటని అడిగింది. మొదటిసారి మొత్తం చెప్పాను. లారీ ఓనరు మాటలకు నవ్వుతుందనుకున్న చోట నవ్వలేదు. అంతా విని ఒకటే అడిగింది.

"ఆ పాప చెవులు పూడిపోయినాయా, నిలిచినాయా?"

నాకు తెలియదు. పోయి ఉంటే తెలిసేది.