ఆముదం పూసిన పటం

మొన్న మా మనవడి భార్య ఒక పార్సిల్ తెప్పించింది. అట్టపెట్టె విప్పితే నాలుగు ఫోటో ఫ్రేములు, రంగూ రోగనూ లేని ఒట్టి కట్టెవి. వాటితో పాటు చిన్న చిన్న డబ్బాలు ఏడు. ఒకటి మైనమట, రెండు నూనెలట, తక్కినవి కట్టెకు పట్టించే రంగులట. ఏది దేనికి పూయాలో తెలియక ఆ పిల్ల చాలాసేపు ఫోను చూస్తూ కూర్చుని, చివరికి మాటవరసకు "నానమ్మా, మీకేమైనా తెలుసా?" అని నావైపు తిరిగింది. నాకు ఎనభై దాటాయి. ఈ ఇంట్లో నన్ను సలహా అడిగి చాలా కాలమైంది కాబట్టి కొంచెం బెట్టు చేసి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక డబ్బా మూత తీసి వాసన చూశాను. తేనె మైనం. ఆ తర్వాత ఆ పిల్ల ఏమడిగిందో, నేనేం చెప్పానో గుర్తులేదు. అప్పటికే నేను తాండూరులో ఉన్నాను.

నా పెళ్ళి అరవైల మొదట్లో జరిగింది. మా అత్తగారిల్లు వికారాబాద్ ఊరి చివర, స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. తరతరాలుగా గొర్రెలు కాచుకున్న కుటుంబం. మంద మా బావగారి చేతికి వచ్చింది, మా ఆయన మాత్రం తాలూకా కచేరీలో చిన్న నౌకరీకి కుదిరాడు. మామగారిని నేను చూడలేదు. ఆయన పోయిన ఏడాదిలోపే ఇంట్లో ఒక శుభం జరగాలని పెద్దలు తొందరపడి మా పెళ్ళి చేశారు. అందుకని నేను కాపురానికి వచ్చేసరికి ఇంట్లో కొత్త కోడలు వచ్చిన సంబరంతో పాటు మామగారి సంవత్సరీకం ఏర్పాట్లు కూడా నడుస్తున్నాయి. పసుపు ఆరని కాళ్ళతో నేను ఎటు నవ్వాలో, ఎటు మౌనంగా ఉండాలో తెలియక తికమకపడేదాన్ని.

అత్తమ్మ మాటలు తక్కువ మనిషి. ఆమె కోపంగా ఉందో, మామూలుగా ఉందో చెప్పడం మా ఆయనకు కూడా సాధ్యమయ్యేది కాదు. ఆమెకు ఆ ఏడాది ఒకే ఒక కోరిక ఉండేది. మామగారి ఫోటో పటం కట్టించి సంవత్సరీకం నాడు గోడకు పెట్టాలి. ఆ ఫోటో ఒక్కటే ఉంది. నైజాం పాలన పోయిన మరుసటేడు ఆయన గొర్రెలు అమ్మడానికి తాండూరు అంగడికి వెళ్ళినప్పుడు, గుడ్డ మీద కొండలూ హంసలూ గీసి పెట్టుకున్న ఒక ఫోటోల మనిషి పట్టుబట్టి తీశాడట. గొంగడి తీసెయ్యమంటే తియ్యలేదట. నల్లటి మనిషి, భుజం మీద నల్లటి గొంగడి, వెనక హంసలు. ఆ ఫోటోల మనిషి తర్వాత కన్నడం మాట్లాడే ఊళ్ళవైపు వెళ్ళిపోయాడు, మరో కాపీ తీయించే దారి లేదు. అత్తమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో, తన పెళ్ళి చీర కింద దాచుకుంది.

పటం కట్టేది అత్తమ్మ తమ్ముడు. నాకు వరుసకు చిన్నాయన. తాండూరులో ఉండేవాడు. గొర్రెల కర్ర వదిలేసి, కుర్చీలకూ మంచాలకూ మెరుగు పెట్టే ఒక ముసలి సాయబు దగ్గర పని నేర్చుకున్నాడు. సంవత్సరీకానికి పన్నెండు రోజుల ముందు టేకు ఫ్రేము చేసి, ఒట్టిదే, ఎవరితోనో పంపాడు. ఫోటో కుదురుతుందో లేదో చూసుకొమ్మనీ, రంగు మాత్రం తానే వచ్చి వేస్తాననీ కబురు. అత్తమ్మకు నల్ల ఫ్రేమే కావాలి. పోయినవాళ్ళ పటాలు నల్లగానే ఉండాలని ఆమె పట్టు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా పుట్టింట్లో, నవాబుపేట వైపు, ఆముదంతో పరిష్కారం కాని సమస్య లేదు. జుట్టుకు ఆముదం, దీపానికి ఆముదం, పసిపిల్లల కడుపు నొప్పికి ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, కిర్రుమనే తలుపుకు ఆముదం. అత్తమ్మ పక్కింటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆ ఫ్రేము పొడిపొడిగా, జీవం లేనట్టు కనిపించింది. నేను ఎవరికీ చెప్పకుండా గిన్నెడు ఆముదం తెచ్చి నాలుగు వైపులా దట్టంగా పట్టించాను. కట్టె ఎంత అందంగా మెరిసిందో చెప్పలేను. ఆ మురిపెంలో ట్రంకులోని ఫోటో తీసి అందులో పెట్టి చూసుకున్నాను. చేతులు చీర కొంగుతో తుడుచుకుంటూ, అత్తమ్మ చూసి ఏమంటుందో ఊహించుకుంటూ, దాన్ని అలాగే మంచం కింద పెట్టాను. తెల్లారి చూస్తే ఫ్రేము ఇంకా జిడ్డుగానే ఉంది, దుమ్మంతా దానికి అంటుకుంది. ఫోటో ఒక మూల నూనె పీల్చి, తెల్లటి అంచు మీద వేలి గోరంత మరక పడింది.

కాపురానికి వచ్చి నెల కాలేదు. ఆ ఇంటి మనిషి తాలూకు మిగిలిన ఒకే ఒక రూపాన్ని నేను పాడుచేశాను. ఫోటో మళ్ళీ చీర కింద పెట్టేసి రెండు రోజులు అన్నం సహించక తిరిగాను. మూడో రోజు పొద్దున అత్తమ్మ వాకిలి ఊడుస్తూ, తల ఎత్తకుండానే అంది: "మూలకు ఉన్ని బస్తా ఉన్నది. మా తమ్మునికి ఇచ్చి రాపో. పనిల పడి ఆలిశమైతే నాలుగొద్దులు ఉండి రా."

దేవుడే దారి చూపాడనుకున్నాను. ఫ్రేమును బస్తాలో ఉన్ని మధ్య దూర్చాను, ఫోటోను పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టుకున్నాను, పాసింజరు బండి ఎక్కాను. దారి పొడుగునా బస్తాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్న ముసలాయన అందులో గొర్రెపిల్ల ఉందేమోనని రెండుసార్లు వంగి చూశాడు.

చిన్నాయన పని చేసే చోటు ఇంటి వెనక ఒక రేకుల పందిరి. కింద తాండూరు బండ పరిచి ఉండేది, దాన్ని రోజూ కడిగేవాడు. పొయ్యి మీద మైనం గిన్నె, గోడ వెంట సీసాలు. నేను ఏడుస్తూ ఫ్రేము బయటికి తీస్తే ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నోట్లో బీడీ కింద పడేలా నవ్వాడు.

"ఆముదం వెట్టినవా బిడ్డా! ఇగ దీనికి రెండు జడలేసి బడికి తోలుదాం."

నవ్వి, బీడీ ఏరుకుని, నెమ్మదిగా చెప్పాడు. "ఆముదం ఆరదు. మనం పోయినంక గూడ ఆరదు. కుసుమ నూనె కాగబెట్టి ఎండకు వెట్టినమనుకో, అది ఆరుతది. అవిసె నూనె ఇంకా జల్ది ఆరుతది గని, పోను పోను పసుపు తేలుతది. ఏది ఆరుతదో ఏది ఆరదో, గది తెలిస్తే సగం పని వచ్చినట్టే."

తర్వాత ఫోటో అడిగాడు. మొహం చూడకుండా ఏ ఫ్రేముకూ రంగు వేయకూడదన్నది ఆయన పద్ధతి. ఎవరు పటం ఇచ్చినా ముందు దాన్ని కడిగిన బండ మీద పెట్టి, కాసేపు ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. చిన్నపిల్లల ఫోటోకైతే ఒట్టి మైనమే చాలనేవాడు. పెళ్ళి ఫోటోకు లక్క కరిగించిన మెరుగు, ముసలివాళ్ళకు కరక్కాయ కషాయం మీద తుప్పు నీళ్ళు పూస్తే వచ్చే నలుపు. ఆ రోజు మామగారిని బండ మీద పెట్టుకుని "బావా" అన్నాడు, అంతే. అప్పుడు మూలన మరక చూసి ఆయన మొహం వాడిపోయింది.

"ఫ్రేముది జూస్త. ఇది మాత్రం పోదు బిడ్డా," అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టలేదు. నా చేతికే పని ఇచ్చాడు. సుద్దపొడి చల్లి నూనె పీల్పించాం, స్పిరిటుతో తుడిచాం, మళ్ళీ సుద్ద, మళ్ళీ స్పిరిటు. రెండో రోజు కరక్కాయ నీళ్ళూ, దాని మీద తుప్పు నీళ్ళూ పూస్తే నలుపు కొన్ని చోట్ల పట్టింది, కొన్ని చోట్ల నూనె కడుపు నిండిన కట్టె పట్టుకోనంది. ఎండిన తోలులా మచ్చలు మచ్చలుగా తేలింది. నలుపు ఆశ వదిలేసి మొత్తం గీకి, కుసుమ నూనె పలచగా పట్టించాం. "రాసిందంత తుడువాలె. కట్టె తాగిందే మనది," అనేవాడు. మా ఇంటి ఉన్నిని గుడ్డలో ఉండలా చుట్టి, దానితోనే రుద్దించాడు. చిన్నమ్మ జొన్న రొట్టె తెచ్చి ఎదురుగా పెట్టి, నా చేతుల వాసనకు ముక్కు మూసుకుని నవ్వేది. నూనె ఆరాక మైనం. ఆఖరున చిన్నాయన ఫ్రేము లోపలి అంచున సన్నటి తెల్ల కట్టె పట్టీ ఒకటి చుట్టూ బిగించాడు. మరక సరిగ్గా దాని కిందికి వెళ్ళిపోయింది.

పటం నల్లగా లేదు, తేనె రంగులో ఉంది. అత్తమ్మ ఒప్పుకోకపోతే ఏమవుతుందోనని నా భయం. సంవత్సరీకం ముందు రోజు చిన్నాయన నాతో పాటు వికారాబాద్ వచ్చి పటం తానే అక్క చేతికిచ్చాడు.

"నల్లగ చెయ్యమంటి గదరా," అంది అత్తమ్మ.

"బావ నలుపు, గొంగడి నలుపు. ఫ్రేము గూడ నల్లగ వెడితే బావ యాడున్నడో దీపం వట్టుకొని దేవులాడాలె. నేనే వద్దన్న అక్కా."

ఆమె వేలితో పట్టీ మీద చుట్టూ ఒకసారి రాసింది. ఆ మూల దగ్గర వేలు ఆగినట్టు నాకనిపించింది, నా భయం వల్లేననుకున్నాను. "ఏడాదికోసారి మైనం వెట్టాలె గద. ఎవరు వెడ్తరు?" అంది. "బిడ్డ వెడ్తది. నేర్పిన," అన్నాడు చిన్నాయన. ఆమె తలూపి, పటం నాకిచ్చి గోడకు నన్నే పెట్టమంది.

ఏడేళ్ళు గడిచాయి. ఒక గాలివాన రోజు మేకు ఊడి పటం కిందపడి అద్దం పగిలింది. అప్పటికి చిన్నాయన లేడు. నేను అద్దం ముక్కలు ఏరి, మొత్తం విప్పి శుభ్రం చేద్దామని కూర్చున్నాను. మంచంలో ఉన్న అత్తమ్మ అంది:

"ఆ పట్టీ దియ్యకు. మరక కనవడ్తది."

నేను పటం కింద పెట్టి ఆమెవైపు తిరిగాను. "నీకెట్ల తెల్సు అత్తమ్మా?"

"నా పెండ్లి చీర ఆముదం వాసనొస్తే నాకు తెల్వదా? ఉన్ని కత్తిరించే కాలమా అది, నిన్ను బస్తాతోని తోలనీకి?"

"మరి అప్పుడే అడగకపోతివి?"

"అడిగితే నువ్వు ఈ ఇంట్ల తలెత్తి తిరుగుదువా," అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను. తన భర్త ఫోటో పాడైందని తెలిసీ, ఆమె ముందు ఆలోచించింది నా గురించి. ఆ సంగతి ఆమె బతికుండగా ఆమెకు నేను సరిగ్గా చెప్పుకోలేకపోయాను, ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఆనాటి అత్తమ్మ వయసును నేను దాటి ఎన్నో ఏళ్ళయింది, నా చేతి మీదుగా ఇద్దరు కోడళ్ళు, ఒక మనవడి భార్య ఈ ఇంట్లోకి వచ్చారు. అయినా ఆమె ఏడేళ్ళు దాచుకున్నట్టు ఇంకొకరి తప్పును ఏడు రోజులైనా మనసులో దాచుకునే ఓపిక, ఇంత కాలం బతికీ, నాకింకా రాలేదు.