పలకల మీద ఆరేసిన స్ప్లింట్

స్ప్లింట్ షీట్లు తయారుచేసే కంపెనీకి ఈ సంగతి ఎన్నోసార్లు రాశాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే "మీరు డాక్టరా?" అని అడిగి, కాదనగానే పెట్టేశారు. ఆ మాట నేను మరిచిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిరుడు మే నెల. మార్కాపురంలో నేను పనిచేసే ఎముకల ఆసుపత్రికి పెద్దారవీడు నుంచి రూతమ్మ వచ్చింది. రాతిని పలకలుగా కోసే షెడ్డులో కూలి. పలక అంచు కోసుకుని రెండు వేళ్ళ టెండన్లు, అంటే వేళ్ళను వంచే తాళ్ళలాంటివి, తెగాయి. డాక్టరు కుట్టారు. అతికేదాకా వేళ్ళు చాపకూడదు. అందుకని మణికట్టు, వేళ్ళు వంగి ఉండేలా చేతి వెనక వైపు ఆసరాగా గట్టి స్ప్లింట్ కట్టాను.

అది థర్మోప్లాస్టిక్ షీట్. వేడి నీళ్ళలో మెత్తబడుతుంది, చేతి మీద మలిస్తే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. మళ్ళీ వేడి తగిలితే మాత్రం మొదటిలాగే చదునైపోతుంది. ఆ గుణాన్ని షేప్ మెమరీ అంటారు. వేడి నీళ్ళు తగలనివ్వొద్దని కంపెనీవాళ్ళు ప్యాకెట్ మీద ఇంగ్లీషులో రాశారు. నేనూ అదే చెప్పాను, విప్పొద్దని కూడా చెప్పాను.

మరుసటి వారం రూతమ్మ చదునైన ముక్కను చేతికి గుడ్డతో బిగించి కట్టుకుని వచ్చింది.

"ఏందక్కా ఇది?"

"ప్రార్థనకు పోవాలని కడిగినా అన్నా. నువ్వు వేన్నీళ్ళు వద్దంటివి గదా, చన్నీళ్ళతోనే కడిగినా. షెడ్డుకాడ పలకల మీద ఆరేస్తే అప్పడం మాదిరి అయిపోయె."

"విప్పొద్దంటి గదా!"

"కంపు కొడతాంటే చర్చిలో నా పక్కన ఎవురు కూసుంటారు, నువ్వు కూసుంటావా? తిడతావని అట్లనే గట్టిగా కట్టుకుంటి."

మే ఎండకు మా పలకల మీద చెయ్యి పెట్టలేం. వంగి ఉండాల్సిన వేళ్ళను ఆ చదును ముక్క చాపి పట్టింది. నీళ్ళు కాచి, దాన్నే మెత్తబరిచి మళ్ళీ మలిచాను.

"సచ్చిందనుకుంటి, తిరిగి లేచెనే!" అని రూతమ్మ నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. డాక్టరు చూసి, నడిమి వేలి కుట్టు నిలిచిందనీ, ఉంగరపు వేలిది ఊడిందనీ చెప్పారు.

"ఆ వేలు వంగకుంటే పలక జారదా అన్నా?"

"జారుతాది అక్కా. మళ్ళా ఆపరేషన్ చెయ్యాల."

అప్పటినుంచి నీళ్ళ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవడం లేదు. స్ప్లింట్ తడిస్తే ఎక్కడ ఆరేస్తారని ముందే అడుగుతున్నాను. ఒకరు రేకుల మీద అంటారు, ఒకరు బండి సీటు మీద అంటారు. ప్యాకెట్ రోగుల కంటపడదు, స్ప్లింట్ మాత్రం చేతికే ఉంటుంది. షీటు మీదే ఎండ బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టమని కంపెనీని అడిగాను. వేస్తారా, వేయరా? నేను డాక్టరును కాను. రూతమ్మ అడిగినదానికి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పినవాణ్ణి. కంపెనీవాళ్ళూ, ఇప్పుడు మీరు నాకు జవాబు చెప్పండి.