మా రూతు పాడిన వేలం పాట

మాది ఎర్రగుంట్ల. మా అమ్మాయి రూతుకు తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉంది. దాని కుడిచెయ్యి ఎప్పుడు లేస్తుందో దానికే తెలియదు. సంతోషమొస్తే మరీను.

నిరుడు మా చర్చిలో కోత పండుగ జరిగింది. విశ్వాసులు తెచ్చిన కోళ్లూ గుమ్మడికాయలూ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. చెయ్యెత్తితే పాట పెంచినట్టే. మొదటి గుమ్మడికాయకే రూతు చెయ్యి లేచింది. వేలం వేస్తున్న సంఘపెద్ద యోబయ్య నావైపు చూశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి, "దాని చెయ్యి దానంతట అదే లేస్తాదన్నా, లెక్కలోకి తీసుకోగాకండి" అని అందరికీ వినబడేలా అరిచాను. చర్చంతా అయ్యో పాపం అంది.

ఆఖరున ఎర్ర పుంజు వచ్చింది. రూతు చెయ్యి మళ్లీ లేచింది. యోబయ్య పట్టించుకోకుండా ఇంకెవరిదో పాట మీద "ఒకటోసారి, రెండోసారి" అంటున్నాడు. రూతు ఒక్కో మాటా కూడగట్టుకుని కేక పెట్టింది.

"ఈ తూరి నేనే లేపినా! మాయమ్మను కాదు, నన్నడుగు మామా!"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. యోబయ్య తల గోక్కుని, రూతు పాట మీదే "మూడోసారి" అని, పుంజును తెచ్చి దాని ఒళ్లో పెట్టాడు.

వారం తర్వాత పాస్టరయ్య మా ఇంటికొచ్చారు. మజ్జిగ తాగుతూ పుంజును చూసి, "కూరకు శానా బాగుంటాది" అన్నారు. పక్కనున్న రూతు చెయ్యి లేచి గ్లాసుకు తగిలింది. మజ్జిగంతా ఆయన తెల్ల పంచె మీదే.

"దానంతట అదే..." అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ వేలం నాటి నుంచి ఏదైనా ముందు రూతునే అడుగుతున్నాను మరి. అడిగాను.

"దానంతట అదేనమ్మా" అంది రూతు, పుంజును చూసి నవ్వుతూ.