అత్తమ్మకు పథ్యం ఎత్తేసిన రోజు

మా ఇంట్లోకి ఆ కరెంటు గ్రిల్లు వచ్చిన రోజు మా అత్తమ్మ నాతో మాట్లాడలేదు. మరునాడు మాట్లాడింది. మాట్లాడకుండా ఉన్నదే నయమనిపించింది.

"ఏందే ఇది, ఇస్త్రీపెట్టెనా? కోడికి ఇస్త్రీ జేస్తవా?" అని అడిగింది. అడిగి ఊరుకుంటే ఆమె మా అత్తమ్మ ఎందుకవుతుంది? సాయంత్రానికల్లా గద్వాలలో మా వీధి వీధంతా అదే మాట. నీళ్ళకోసం బిందె పట్టుకుని బయటికొస్తే, "ఇయ్యాల ఏం ఇస్త్రీ జేసినవు?" అని ఆడవాళ్ళు కిసకిసలాడడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వస్తువు తెప్పించింది నా సోకు కోసమా?

అంతకు కొన్నాళ్ళ కిందట అత్తమ్మ రాట్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. మా ఆయన నేతగాడు. ఇంటి ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. ఆయన చీర నేస్తుంటే ఆమె పక్కనే కూర్చుని పట్టు నూలు కండెలకు చుట్టేది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ఆమె తల నేలకు తగలకుండా పట్టుకున్నది నేనే. ఊళ్ళో డాక్టరు చూసి, బీపీ ఉంది, ఒంట్లో కొవ్వు పెరిగింది, గుండెకు మంచిది కాదు, నూనె మానెయ్యాలి, బరువు తగ్గాలి అన్నాడు. ఇట్లాగే తింటూ పోతే ఈసారి పడితే లేవదని మా ఆయనకు విడిగా చెప్పాడు. ఆయనా, తల్లి ముందు నోరు మెదిపే మనిషి కాదు. ఆ మాట మోసుకొచ్చి నా నెత్తిన పెట్టి మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

నూనె మానెయ్యమని మా అత్తమ్మకు చెప్పడమంటే మాటలా? ఆమె పుట్టిల్లు రాయచూరు పక్క. పొద్దున్నే బొరుగులు నానబెట్టి పోపేసిన ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీలు లేకపోతే ఆమెకు తెల్లవారినట్టే కాదు. కూర దించాక పైన వేలెడు నూనె తేలాలి. తేలకపోతే, "గిదేం కూర? నీళ్ళల్ల ముక్కలు ఈదుతున్నయ్" అనేది. మా పుట్టింటివాళ్ళది వనపర్తి. కూరలో నూనె ఒక చుక్క తగ్గినా ఆమె నన్నొక్కదాన్నే అనదు, "వనపర్తోళ్ళకు నూనె దొరకదా ఏంది?" అని ఊరు ఊరినంతా కలిపి తిట్టేది. నేను ఊరుకునేదాన్నా? "రాయచూరోళ్ళకు గుండెలు అక్కర్లేదేమో, వనపర్తోళ్ళకు కావాలి" అనేదాన్ని. పెళ్ళైన నాటి నుంచి మాది ఉప్పూ నిప్పూ వ్యవహారమే.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన కొత్త. పొద్దునపూట వస్తువులు అమ్మే కార్యక్రమాలు వచ్చేవి. ఎవరో దొరసాని మాట్లాడుతుంటే పైనుంచి తెలుగు మాటలు వినిపించేవి. ఒక రోజు అందులో ఈ గ్రిల్లు చూపించారు. రెండు నల్లటి పలకలు, పుస్తకంలా తెరిచి మూయొచ్చు. మధ్యలో కోడిముక్కలో చేపముక్కలో పెట్టి మూస్తే రెండు వైపులా ఒకేసారి కాలుతాయి. పలకలు ముందుకు వాలుగా ఉంటాయి కాబట్టి మాంసంలోని కొవ్వు కరిగి కింద పెట్టిన తట్టలోకి కారిపోతుంది. నూనె చుక్క వెయ్యక్కర్లేదు. మా ఆయన చీరలు ఇవ్వడానికి హైదరాబాదు పోతుంటే, అది తేకుండా ఇంటికి రావద్దన్నాను. తెచ్చాడు.

నాకు అత్తమ్మ అంటే ప్రేమ అని అప్పట్లో ఎవరన్నా అని ఉంటే కొట్టేదాన్ని. కానీ ఆమె తల నా చేతిలో పడిన ఆ క్షణం తర్వాత నాకు ఒకటే భయం పట్టుకుంది. ఈ మనిషి లేకపోతే నేను ఆ ఇంట్లో ఎవరితో పోట్లాడాలి? ఆయనతోనా? ఆయన నాలుగు మాటలకు ఒక మాట మాట్లాడతాడు, అదీ "ఊ" అని. ఆమెను ఎట్లాగైనా బతికించుకోవాలని మొండికేశాను.

ఆమె నాకన్నా మొండిది. మొదటి వారం ఆ ముక్కలు ముట్టలేదు, జొన్నరొట్టె పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నది. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో కమురు వాసన. వెళ్ళి చూస్తే గ్రిల్లు మీద శనగపిండి! బజ్జీలకు కలిపిన పిండిలో మిరపకాయలు ముంచి దాంట్లో పెట్టి మూసేసింది. పిండంతా వాలుకు జారి తట్ట నిండి, గట్టు మీదికి పొర్లి, పొయ్యి దాకా పోయింది. ఆమె పీట మీద కూర్చుని చూస్తున్నది.

"నీ మిషనుకు బజ్జీలు జేసుడు రాదే," అన్నది తీరిగ్గా.

"బజ్జీలు జేసుకోమని తెచ్చిననా? నీ పాణం కోసం తెచ్చిన!" అని అరిచాను.

"నా పాణమా? నా పాణం బజ్జీలల్లనే ఉన్నది, నీకు తెల్వదా?"

ఆ పలకల గీతల్లోంచి మాడిన పిండి గీకేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. దానికి తోడు కరెంటు. చెప్పాపెట్టకుండా పోయేది. ముక్కలు ఒక వైపు ఉడికీ ఉడకక అట్లాగే ఉండేవి. "ఇస్త్రీ మధ్యల ఆగిందా, పాపం" అనేది అత్తమ్మ. నవ్వొచ్చేది, కానీ ఆమె ముందు నవ్వితే ఓడిపోయినట్టే కదా. బలవంతాన బిగబట్టుకునేదాన్ని.

తర్వాత్తర్వాత ఆమె దారికొచ్చింది. ఎందుకొచ్చిందంటే, తగ్గింది కాబట్టి. రవికలు వదులయ్యాయి. మోకాళ్ళ నొప్పి అనడం మానేసింది. వీధి చివరి దాకా ఆగకుండా నడిచి వచ్చేది. అందరూ "ఎంత సన్నగైనవు, కొత్త పెండ్లికూతురు లెక్కున్నవు" అనేసరికి ఆమెకు ఎక్కడలేని గర్వం. గ్రిల్లు తీసి తుడిచి, దాని మీద పాత పట్టుగుడ్డ ముక్క కప్పడం మొదలుపెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు తానే తెరిచి చూపించేది. "మా కోడలు తెచ్చింది. జిడ్డంతా గీడికెల్లి కారిపోతది, చూడు," అని తట్ట చూపించేది. నా ముందు మాత్రం, "మాంసం ఎండిపోయి చెప్పు తిన్నట్టుంది" అనడం మానలేదు. నేను లోలోపల పొంగిపోయాను. డాక్టరు కూడా బీపీ చూసి బాగుందన్నాడు. అంతకన్నా ఏం కావాలి?

తగ్గుతూనే ఉంది. చేతి కడియాలు జారి మణికట్టు దగ్గర ఆగేవి. ముక్క సగం తిని పక్కన పెట్టేది. "కడుపు నిండిందే" అనేది. అలిగిందేమో, మళ్ళీ బజ్జీల కోసం నాటకమేమో అనుకుని నేను కసురుకునేదాన్ని. ఒక రోజు రాట్నం దగ్గర ఎండలో ఆమె తలెత్తి నా వైపు చూసింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి, పసుపు నీళ్ళు పోసినట్టు.

"పసిరికలయినట్టున్నయి," అన్నది ఆమె. కామెర్లను మా వైపు పసిరికలంటారు. పసరు మందు తాగుతానన్నది. మా ఆయన మొట్టమొదటిసారి తల్లి మాటకు అడ్డం చెప్పి, మమ్మల్నిద్దరినీ బస్సెక్కించి కర్నూలు తీసుకెళ్ళాడు.

అక్కడి దవాఖానలో అన్ని పరీక్షలూ చేశాక పెద్ద డాక్టరు ఆయన్నీ నన్నూ లోపలికి పిలిచాడు. కాలేయంలో గడ్డ, అది ఒంట్లో చాలా చోట్లకు పాకింది, ఇప్పుడు కోసేది లేదు, మందుతో పోయేదీ లేదు అన్నాడు. బరువు తగ్గింది అందుకేనన్నాడు. నేను నమ్మలేదు. నూనె మానేసినందుకు తగ్గింది సార్, మా ఇంట్లో కరెంటు గ్రిల్లు ఉంది, నేనే చేసి పెడతాను అని చెప్పాను. ఆయన నన్ను ఆపలేదు, మొత్తం చెప్పనిచ్చాడు. తర్వాత, "తిండితో వచ్చింది కాదమ్మా ఇది, తిండితో పోయేదీ కాదు," అన్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు బయటికొచ్చి అత్తమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంక నీకు పథ్యం ఏం లేదమ్మా. ఏది తినాలనిపిస్తే అది తిను."

"మిరపకాయ బజ్జీలు?"

"తిను."

"నూనెల వేంచినయే?"

"నూనెలో వేంచినవే."

ఆమె లేచి నిలబడి ఆ డాక్టరుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఎందుకు పెట్టదు? మా వైపు పసిరికలకు పసరు పోసేవాళ్ళు ఉప్పూ నూనే మాన్పించి పథ్యం పెడతారు. రోగం పోయిందని నమ్మకం కుదిరినాక వాళ్ళే పిలిచి, ఇక పథ్యం ఎత్తేసినం, కోడి కోసుకుని తిను అంటారు. పథ్యం ఎత్తేశారంటే బాగైపోయినట్టే. అత్తమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్నది అదే. చదువుకున్నవాళ్ళు ఆ మాట ఇంకెందుకు అంటారో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

తిరుగు బస్సులో పక్క సీటావిడకు కథంతా చెప్పింది. "మా కోడలు నన్ను నూనె లేకుంట ఎండబెట్టింది. ఇయ్యాల పెద్ద డాక్టర్ పథ్యం ఎత్తేసిండు," అని. ఆవిడ సంతోషించింది. మా ఆయన ఇంకో సీట్లో కిటికీకి తల ఆనించి ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు. నాకు ఆ డాక్టరు మీద, ఆ పక్క సీటావిడ మీద, టీవీలో ఆ దొరసాని మీద, సన్నగైనవు అని మెచ్చుకున్న మా వీధి వీధి మొత్తం మీద కోపమొచ్చింది. కోపం తప్ప నాకేం చేతనవును?

బస్సు దిగాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకు," అన్నాడు. సరేనన్నాను.

మరునాడు పొద్దున అత్తమ్మ నన్ను వంటింట్లోంచి తరిమేసి తానే పొయ్యి ముందు కూర్చుంది. మగ్గం చప్పుడు ముందు గదిలోంచి వినిపిస్తున్నది. ఆయన తెల్లవారకముందే గుంటలోకి దిగాడు, మొహం మాకు చూపించకుండా. అత్తమ్మ బాణలి నిండా నూనె పోసి, పిండిలో మిరపకాయలు ముంచి ఒక్కొక్కటే వేస్తున్నది. వీధి దాకా వాసన. పక్కింటివాళ్ళు తలుపు లోంచి తొంగి చూస్తే, "పథ్యం ఎత్తేసిండ్రు! మా కోడలి ఇస్త్రీపెట్టె ఓడిపోయింది," అని కేకేసి, వాళ్ళకు ఒక ప్లేటు నిండా పెట్టి పంపింది. చాన్నాళ్ళకు ఆమె మొహంలో అంత వెలుగు చూశాను. చూడలేక గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

తర్వాత తన ప్లేటులో ఉగ్గాని, రెండు బజ్జీలు పెట్టుకుంది. నాకూ పెట్టింది. ఒకటి కొరికి నమిలింది. నములుతూనే ఉంది. మింగలేక నీళ్ళు తాగింది. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని, కొంగులోకి ఊసేసింది. ప్లేటు పక్కన పెట్టి, బాణలిలో మిగిలినవి జల్లిగంటెతో తిప్పుతూ నా మీద విరుచుకుపడింది.

"నీ మిషనే! ఇన్నొద్దులు ఎండు ముక్కలు తినబెట్టి నా నాలుకను సంపినవు. బజ్జీ నోట్లకు పోతలేదంటే గది నీ పాపమే!"

ఆమె కళ్ళు మరీ పచ్చగా ఉన్నాయి. నా నోటికి వచ్చింది అనేశాను.

"అవునత్తా. నాదే తప్పు. గా మిషను తేకపోతే బాగుండె. జర ఓపిక పట్టు, మెల్లమెల్లగ మళ్ళ అలవాటైతది."

ఆమె చేతిలో జల్లిగంటె ఆగిపోయింది. నా వైపు తిరిగి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఏమన్నవు?"

"నాదే తప్పన్న."

"గీ ఇంటికి వచ్చినకాడికెల్లి కూరల ఉప్పు ఎక్కువైతే ఉప్పుది తప్పన్నవు, పాలు పొంగితే పొయ్యిది తప్పన్నవు. ఒక్కనాడన్న నీది తప్పన్నవా?" అన్నది. గొంతులో కోపం లేదు. "ఇయ్యాల నాదే అంటున్నవు. డాక్టర్ ఏమన్నడే?"

"ఏమనలే అత్తా. పథ్యం లేదన్నడు. నువ్వు విన్నవు గద."

"నా మొకం జూసి చెప్పు."

చూడలేకపోయాను. ఆమె పొయ్యి ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, వేలు వేలు విడిగా, పట్టు ముట్టుకోబోయేముందు తుడుచుకున్నట్టు. ముందు గది వైపు తల ఊపి, మెల్లగా అడిగింది.

"వానికి తెల్సా?"

"తెల్సు."

"నాకు తెల్సినట్టు వానికి చెప్పకు. వాడు తట్టుకోడు."

తలూపాను. ఆమె మగ్గం చప్పుడును మించేలా కేకేసింది.

"ఒరేయ్, బజ్జీలు సల్లారుతున్నయ్! లేచి రారా! నేనైతే కడుపు నిండ తిన్న!"

మగ్గం ఆగింది. ఆమె గబగబా తన ప్లేటులో ఉన్నదంతా, కొరికిన బజ్జీతో సహా, నా ప్లేటులోకి వంచేసింది.

"తిను, వాడు రాకముందే," అన్నది.

తిన్నాను.